ముగింపు చెడితే కథంతా చెడినట్టేనా? (గేమ్ ఆఫ్ థ్రోన్స్, కార్తీక దీపం, పార్ట్ 2ల మీద చర్చ)

కృష్ణాతీరం

స్పాయిలర్లు ఉంటాయి. చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

హెచ్‌బీవో ఛానల్ వాళ్ల ఇంగ్లిష్ సీరీస్ గేమ్ ఆఫ్ థ్రోన్స్ 2019 మే 19న అయిపోయింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఏ సీక్వెల్ గురించి మాట మొదలైనా మన దగ్గర చివరికి అక్కడికే వస్తోంది. మొన్న వేరే చర్చలో ఒకరు "చివరి సీజన్ చూశాక మొదటి సీజన్ కూడా మళ్లీ చూడబుద్ధి కావట్లేదు" అని రాశారు. దాని మీద విడిగా మాట్లాడుకోవాలనే ఈ చర్చ పెడుతున్నాను.

నా వాదన సూటిగా చెప్తాను. డ్రాగన్ల రాణి డెనేరిస్ రాజధాని కింగ్స్ ల్యాండింగ్‌ని తగలబెట్టడం తప్పు కాదు. స్టార్క్‌ల అబ్బాయి బ్రాన్ రాజు కావడం తప్పు కాదు. జేమీ మళ్లీ తను ప్రేమించిన రాణి సెర్సీ దగ్గరికే వెళ్లి చావడమూ తప్పు కాదు. మూడూ మంచి ముగింపులే. అక్కడిదాకా నడిపించాల్సిన దారిని కోసేశారు, నా కోపమంతా దాని మీదే.

మొదటి ఆరు సీజన్లకి పదేసి ఎపిసోడ్లు. ఏడో సీజన్‌కి ఏడు, ఎనిమిదో సీజన్‌కి ఆరు. మొత్తం 73. మొదటి సీజన్లో నెడ్ స్టార్క్ వింటర్‌ఫెల్ నుంచి రాజధానికి చేరడానికి ఎంత సమయం తీసుకున్నారో గుర్తు తెచ్చుకోండి. ఆ దారిలోనే ఆయన చిన్న కూతురు ఆర్యకీ యువరాజు జాఫ్రీకీ గొడవ, కసాయివాడి కొడుకు చావు, పెద్ద కూతురు సాన్సా పెంచుకున్న తోడేలుని నెడ్ తన చేత్తో చంపాల్సి రావడం. ఏడో సీజన్‌కి వచ్చేసరికి గోడ అవతల చిక్కుకున్నవాళ్ల కబురు కాకి మోసుకుపోవడం, డ్రాగన్లు ఎగిరి రావడం ఒక్క ఎపిసోడ్‌లో అయిపోయాయి. ఆ కథలో మనుషులు మారింది ప్రయాణాల్లోనే. ప్రయాణాలు తీసేశాక మార్పుకి చోటెక్కడుంది?

నైజాం_టాకీస్

అన్నా, నేను ఒప్పుకోను. డెనేరిస్ ఉన్నట్టుండి మారిందనేవాళ్లు ఆమెని మొదటి నుంచీ దేవతలాగా చూసినవాళ్లు. అన్న నెత్తి మీద కరిగిన బంగారం పోస్తుంటే ఆమె కన్ను తిప్పకుండా చూసింది, అది మొదటి సీజన్. నగరాలు తగలబెడతానని కార్త్ నగరం గుమ్మం ముందే బెదిరించింది, అది రెండోది. మీరీన్ నగరంలో 163 మంది బానిసల యజమానులని శిలువ వేయించింది. ఏడో సీజన్లో లొంగని టార్లీ తండ్రీ కొడుకులని డ్రాగన్‌తో కాల్పించింది. రెండో సీజన్లో ఆమెకి కనిపించిన దర్శనంలో సింహాసనం గది పైకప్పు కూలిపోయి ఉంటుంది.

ఇన్ని గుర్తులు పెట్టారు. ఆమె చంపినవాళ్లు చెడ్డవాళ్లు కాబట్టి మనం చప్పట్లు కొట్టాం. చివర్లో అదే మనిషి అదే పని అమాయకుల మీద చేసేసరికి మన చప్పట్లు మనకే గుచ్చుకున్నాయి. రచన చేయాల్సిన పని అదే అని నా నమ్మకం. డెనేరిస్‌గా వేసిన ఎమిలియా క్లార్క్, ఊరు లొంగిపోయిందని గంటలు మోగే ఆ సీన్‌లో మాట లేకుండా మొహంతోనే చేసింది చూడండి మళ్లీ ఒకసారి.

కృష్ణాతీరం

గుర్తులు ఉన్నాయి, కాదనను. కానీ నాలుగో సీజన్ చివరి ఎపిసోడ్ కూడా ఉంది కదా తమ్ముడూ. ఆమె డ్రాగన్ డ్రోగన్ ఒక పసిపిల్లని కాల్చి చంపిందని, కాలిన ఎముకలు తెచ్చి తండ్రి ఆమె ముందు పెట్టాడు. అప్పుడు ఆమె ఏడుస్తూ మిగతా రెండు డ్రాగన్లకి తన చేత్తో గొలుసులు వేసింది. తన పిల్లలు అనుకునేవాటికి! ఒక్క పాప కోసం అంత చేసిన మనిషి, వేలమంది పిల్లలున్న ఊరి మీద నిప్పు కురిపించింది. నేను నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను. కానీ నమ్మిన బంటు జోరా చావు, డ్రాగన్ రేగల్ చావు, స్నేహితురాలు మిస్సాండై చావు, సలహాదారు వారిస్ ద్రోహం, ప్రేమించిన జాన్ దూరం జరగడం, ఇవన్నీ మూడు ఎపిసోడ్లలో కుక్కారు. వీటిలో ఒక్కోదానికీ పాత సీజన్లలో అయితే రెండేసి ఎపిసోడ్లు ఇచ్చేవారు.

మాట్నీషో

దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ, నాకు బాధ డెనేరిస్ కాదు, చచ్చినవాళ్ల సైన్యాన్ని నడిపించే నైట్ కింగ్. మొదటి ఎపిసోడ్ మొదటి సీన్ నుంచి వస్తోంది వస్తోంది అన్న చలికాలం ఒక్క రాత్రిలో అయిపోయింది. 55 రాత్రులు షూట్ చేసిన యుద్ధం, 82 నిమిషాల ఎపిసోడ్. సగం తెర మీద ఏం జరుగుతోందో కనపడలేదు. సోమవారం పొద్దున ఆరున్నరకి హాట్‌స్టార్‌లో చూసినవాళ్లందరికీ కిటికీ వెలుతురు కూడా తోడైంది.

పుస్తకాల_పురుగు

పుస్తకాలు చదివినవాళ్ల వైపు నుంచి కొన్ని మాటలు.

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ మొదటి పుస్తకం 1996లో వచ్చింది. ఐదోది 2011 జూలైలో, అంటే సీరీస్ మొదటి సీజన్ అయిపోయిన కొద్ది రోజులకి. ఏడు పుస్తకాలు రాస్తానన్నాడు. ఆరోది ఇంకా రాలేదు. తీసేవాళ్లు బెనియాఫ్, వైస్ ఆయన్ని కలిసి ముగింపు ఎలా ఉండబోతుందో స్థూలంగా తెలుసుకున్నారు. అంటే వాళ్ల చేతిలో గమ్యం ఉంది, నడక లేదు.

ఇద్దరికీ పుస్తకాన్ని తెరకెక్కించడం గొప్పగా వచ్చు. మొదటి నాలుగు సీజన్లలో పుస్తకంలో లేని సీన్లు కూడా అద్భుతంగా రాశారు. రాజు రాబర్ట్, సెర్సీ కూర్చుని తమ పెళ్లి గురించి మాట్లాడుకునే సీన్ పుస్తకంలో లేదు, అది ఆ సీజన్లోకెల్లా మంచి సీన్లలో ఒకటి. కాబట్టి వాళ్లకి రాయడం రాదు అనే మాట నేను ఒప్పుకోను. రాయగలరు. కానీ పుస్తకంలో ప్రతి అధ్యాయం ఒక పాత్ర కళ్ల లోంచి నడుస్తుంది. ఆ పాత్ర ఏం అనుకుంటోందో, తనని తాను ఎలా మోసం చేసుకుంటోందో అక్కడ చదువుతాం. ఐదో పుస్తకం చివర్లో డెనేరిస్ గడ్డిమైదానంలో ఒంటరిగా, జ్వరంతో, తనలో తాను మాట్లాడుకుంటూ ఉంటుంది. ఆమెలో ఏదో తిరుగుతోందని అక్కడే తెలుస్తుంది. తెర మీద ఆ లోపలి మాట లేదు. దాని బదులు ఇంకొకరితో మాట్లాడే సీన్లు కావాలి. ఎనిమిదో సీజన్ నాటికి ఆమెతో మనసు విప్పి మాట్లాడేవాళ్లు ఒక్కొక్కరే చచ్చిపోయారు. అందుకే ఆమె లోపల ఏం జరిగిందో మనకి చూపించే దారి మూసుకుపోయింది.

నైజాం గారు చెప్పిన గుర్తులన్నీ నిజమే. కానీ గుర్తులు పెట్టడం ఒక ఎత్తు, అవి ఆ పాత్ర ఎంచుకునే పనికి కారణాలుగా మారడం ఇంకో ఎత్తు.

డల్లాస్_నుంచి

వాళ్లిద్దరికీ స్టార్ వార్స్ సినిమాల ఒప్పందం వచ్చింది, అందుకే తొందరగా ముగించేసి పోయారు. ఇక్కడ మా ఆఫీసులో అందరూ ఇదే అంటారు.

పుస్తకాల_పురుగు

డల్లాస్ గారూ, తేదీలు కుదరవండీ. స్టార్ వార్స్ ఒప్పందం బయటికి వచ్చింది 2018 ఫిబ్రవరిలో. ఆరో సీజన్ తర్వాత ఇంక 13 ఎపిసోడ్లే ఉంటాయని వాళ్లు 2016లోనే చెప్పేశారు. ఇంకా తీస్తామన్నా హెచ్‌బీవో సంతోషంగా డబ్బు పెట్టేది. 13 చాలు అనుకున్నది వాళ్లే. చివరికి 2019 అక్టోబర్‌లో ఆ స్టార్ వార్స్ సినిమాల నుంచి కూడా తప్పుకున్నారు. నిర్ణయాన్ని తప్పుపట్టండి, నేనూ పడతాను. వాళ్ల మనసులో దురాశ ఉందని మనం తేల్చేయడం న్యాయం కాదు.

సాయంత్రం_ఏడున్నర

అందరూ ఇంగ్లిష్ సీరీస్ గురించే మాట్లాడుతున్నారు, మన ఇళ్లల్లో ఇంతకన్నా పెద్ద గొడవ జరిగింది. కార్తీక దీపం.

2017 అక్టోబర్‌లో మొదలైంది. నల్లగా ఉందని అందరూ చులకన చేసిన దీప, ఆమెని అనుమానించి వదిలేసిన భర్త డాక్టర్ బాబు కార్తీక్. పిల్లలని పెంచుకుంటూ వంటలక్కగా బతికిన ఆడమనిషి. ఏళ్ల తరబడి తెలుగు సీరియళ్ల రేటింగుల్లో దానిదే మొదటి స్థానం. ఎందుకు? మా అమ్మ, మా పిన్ని, మా వీధిలో పదిమంది ఆడవాళ్లు ఎదురు చూసింది ఒక్కదాని కోసం: డాక్టర్ బాబుకి నిజం ఎప్పుడు తెలుస్తుంది, దీప ముందు ఎప్పుడు తల దించుకుంటాడు. రంగు గురించి జీవితంలో ఒక్క మాటైనా పడ్డ ప్రతి ఆడపిల్లా ఆ క్షణం తన కోసం జరగాలనుకుంది.

2022 మార్చిలో ఇద్దరినీ ప్రమాదంలో చంపేసి, పిల్లలు పెద్దవాళ్లయ్యారని కథని ముందుకి దూకించారు. రేటింగ్ పడిపోయింది. కొన్ని నెలలకి మళ్లీ ఇద్దరినీ తీసుకొచ్చారు. 2023 జనవరిలో ముగించారు. 2024 మార్చిలో అదే పేరుతో, అదే నటులతో, కొత్త కథతో ఇంకోటి మొదలైంది. ప్రేమి విశ్వనాథ్, నిరుపమ్ ఇద్దరూ ఉన్నారు, పేర్లు దీప, కార్తీక్. కానీ పాత దీప పడిన బాధ ఈ దీపది కాదు.

రెండోది కూడా చూస్తున్నాం. ఆ అమ్మాయి నటన అంటే ఇష్టం. అయినా మొదటిదానికి జరిగింది అన్యాయమే. చంపడం తప్పని కాదు, చావు కూడా కథే. ఆ పాత్రలకి ఇవ్వాల్సిన మర్యాద ఇవ్వకుండా చంపి, రేటింగ్ కోసం బతికించడం తప్పు.

ఎడిటింగ్_బల్ల

సీరియళ్ల ఎడిటింగ్‌లో చాలాకాలం పనిచేసినవాడిగా చెప్తాను. ఏ ఒక్క సీరియల్ గురించీ కాదు, మొత్తం పద్ధతి గురించి.

డైలీ సీరియల్‌కి ముగింపు అని ఒకటి రాసి పెట్టుకోరు. ట్రాక్‌లు, అంటే చిన్న చిన్న కథా భాగాలు ఉంటాయి. ఒక ట్రాక్ రెండు నెలలో మూడు నెలలో నడుస్తుంది, దాన్నిబట్టి ఇంకోటి. చేతిలో కొన్ని ఎపిసోడ్ల బ్యాంక్ (ముందే తీసి పెట్టుకున్నవి) ఉంటే అదృష్టం. చాలాసార్లు రేపు ప్రసారం కావాల్సింది ఇవాళ షూట్ అవుతూ ఉంటుంది. డైలాగ్ పేపర్ సెట్ మీదికి సీన్‌కి కాస్త ముందు వస్తుంది. గురువారం రేటింగ్ వస్తుంది. రెండు వారాలు తగ్గితే ఛానల్ నుంచి ఫోన్. మూడో వారం కథ మలుపు తిరుగుతుంది. ముఖ్య నటులకి కాల్షీట్లు కుదరకపోయినా, ఇల్లు మారినా, సెట్ అద్దె పెరిగినా కథ మారుతుంది. ఆపేయమన్న మాట వచ్చాక ముగించడానికి దొరికేది కొద్ది రోజులే.

కాబట్టి హెచ్‌బీవో సీరీస్‌ని, డైలీ సీరియల్‌ని ఒకే తక్కెడలో పెట్టకండి. అక్కడ టైమ్ ఉండి వాడుకోలేదు, ఇక్కడ టైమే ఇవ్వరు. ఆ కొద్ది రోజుల్లో కూడా చివరి సీన్ కోసం రాత్రంతా కూర్చుని రాసే రచయితలని చూశాను. వాళ్ల పేరు ఎవరికీ తెలీదు, తిట్లు మాత్రం వాళ్లకే.

సాయంత్రం_ఏడున్నర

రచయితలని నేను అనలేదండీ. వాళ్లు అంత ఇబ్బందిలో రాస్తారని తెలిస్తే ఛానల్ మీద కోపం ఇంకా పెరుగుతోంది. అన్నేళ్లు మొదటి స్థానంలో ఉన్న కథకి ముగించడానికి ఒక్క నెల సరిగ్గా ఇవ్వలేరా?

రెండో_ఆట

ముందే ముగింపు అనుకుని పెట్టుకుంటే బాగుంటుంది అని అందరూ అంటున్నారు. దానికి ఎదురు ఉదాహరణ ఉంది, హౌ ఐ మెట్ యువర్ మదర్ అనే అమెరికన్ కామెడీ సీరీస్.

2005లో మొదలైంది. తండ్రి టెడ్ పిల్లలకి "మీ అమ్మని ఎలా కలిశానంటే" అని చెప్తుంటాడు. పిల్లలుగా వేసినవాళ్లు పెద్దవాళ్లైపోతారని, ముగింపులో వాళ్ల సీన్ మొదటి సీజన్ల నాడే తీసి దాచిపెట్టారు. అంటే చివర్లో ఏం జరగాలో ఎనిమిదేళ్ల ముందే ఫిల్మ్ మీద ఉంది. కానీ ఈ లోపల కథ వేరే వైపు ఎదిగింది. టెడ్ ప్రేమించిన రాబిన్, అతని స్నేహితుడు బార్నీల జంటని సంవత్సరాల పాటు కట్టారు. చివరి సీజన్ దాదాపు మొత్తం వాళ్ల పెళ్లి జరిగే రెండు మూడు రోజులే. తల్లి పాత్రకి వచ్చిన క్రిస్టిన్ మిలియోటిని జనం వచ్చీ రావడంతోనే ప్రేమించారు. 2014 మార్చి 31న ముగింపులో ఆ పెళ్లి నిమిషాల్లో విడాకులైపోయింది, తల్లి చనిపోయింది, టెడ్ మళ్లీ రాబిన్ దగ్గరికి వెళ్లాడు. ఎందుకంటే పాత సీన్‌లో పిల్లలు అదే చెప్పారు కాబట్టి. తర్వాత డీవీడీలో వేరే ముగింపు ఇచ్చారు, తల్లి బతికే ఉండేది.

ముగింపు లేకపోవడం ఎంత ప్రమాదమో, పాత ముగింపుకి కట్టుబడిపోవడం కూడా అంతే ప్రమాదం. కథ రాస్తూ రాస్తూ రచయితకే కొత్తది తెలుస్తుంది. తెలిసినప్పుడు పాతదాన్ని వదిలేసే ధైర్యం ఉండాలి.

పుస్తకాల_పురుగు

రెండో_ఆట గారి చివరి మాటకి మన ఇంటి ఉదాహరణ: కన్యాశుల్కం. గురజాడ మొదటి కూర్పు 1897లో అచ్చు వేశారు. 1909లో దాన్ని బాగా పెంచి, మార్చి రెండో కూర్పు తెచ్చారు. ఈ రోజు మనం చదివేది, నాటకంగా వేసేది ఆ రెండోదే. జనం మెచ్చిన నాటకాన్నే ఆయన మళ్లీ విప్పి కట్టారు.

గోదారి_గాలి

అయితే అసలు ప్రశ్నకి వద్దాం. రచయిత మారుస్తే సరే. ప్రేక్షకుడు మార్చమని అడగొచ్చా?

గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఎనిమిదో సీజన్ మళ్లీ తీయమని పెట్టిన పిటిషన్ మీద 15 లక్షల సంతకాలు దాటాయి. నేను పెట్టలేదు, కానీ పెట్టినవాళ్లని తక్కువగా చూడను. ఇది కొత్తదీ కాదు. కోనన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ని జలపాతంలో చంపేస్తే పాఠకులు గోల పెట్టారు, పత్రిక చందాలు మానేశారు. ఆయన 1901లో పాత కేసు అని చెప్పి ఒక నవల రాశాడు, 1903లో ఏకంగా బతికించేశాడు. ఆ తర్వాత రాసిన కథల్లో మంచివి బోలెడు. ప్రేక్షకులు అడగకపోతే అవి ఉండేవి కావు.

2019లో వీడియో గేమ్ పాత్ర సోనిక్ మీద తీసిన సినిమా ట్రైలర్ వచ్చినప్పుడు ఆ నీలం జంతువు మొహం, మనిషి పళ్లు చూసి అందరూ వద్దన్నారు. దర్శకుడు విన్నాడు, విడుదల నవంబర్ నుంచి 2020 ఫిబ్రవరికి జరిపి బొమ్మంతా మళ్లీ చేయించాడు. సినిమా ఆడింది. సూపర్‌హీరోల సినిమా జస్టిస్ లీగ్ సంగతీ అంతే. కూతురు చనిపోయి దర్శకుడు జాక్ స్నైడర్ మధ్యలో తప్పుకుంటే, 2017లో వేరే దర్శకుడు పూర్తిచేసిన సినిమా వచ్చింది. అభిమానులు ఏళ్ల పాటు అడిగి అడిగి, 2021 మార్చిలో ఆయన నాలుగు గంటల సినిమాని తెప్పించుకున్నారు. ఆ ఉద్యమంలోనే ఆత్మహత్యల నివారణ కోసం విరాళాలు కూడా పోగుచేశారు. టికెట్ కొన్నవాడికి, చందా కట్టినవాడికి, పదేళ్లు ఆ పాత్రలతో బతికినవాడికి మాట్లాడే హక్కు ఉంది.

నైజాం_టాకీస్

మాట్లాడే హక్కు ఉంది. మీరు చెప్పని సగం కూడా ఉంది.

2017లో స్టార్ వార్స్ సినిమా ద లాస్ట్ జెడై వచ్చాక, అందులో రోజ్ పాత్ర వేసిన కెల్లీ మేరీ ట్రాన్‌ని ఇంటర్నెట్‌లో ఎంత హింసించారంటే ఆమె తన ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టులన్నీ తీసేసుకుంది. ఆమె చేసిన నేరం ఒక సినిమాలో నటించడం. 2016లో ఘోస్ట్‌బస్టర్స్ మళ్లీ ఆడవాళ్లతో తీస్తే, లెస్లీ జోన్స్ మీద జాతి పేరుతో పడ్డ తిట్లు చదవలేం. సినిమా నాకు కూడా అంతంతమాత్రమే అనిపించింది. కానీ సినిమా బాగాలేదు అనడానికీ, ఒక మనిషిని వెంటాడడానికీ మధ్య గీత ఎవరికీ తెలియనిది కాదు.

ఇంకో సంగతి. లాస్ట్ జెడై మీద వచ్చిన గోలకి భయపడ్డారో ఏమో, 2019లో వచ్చిన తర్వాతి భాగం ముందు భాగం చెప్పిన చాలా వాటిని వెనక్కి తిప్పేసింది. కథానాయిక రే తల్లిదండ్రులు ఎవరూ కాని మామూలు మనుషులు అని ఒక సినిమా చెప్తే, తర్వాతి సినిమా ఆమెని పాత విలన్ పాల్పటీన్ మనవరాలిని చేసింది. రెండు వైపుల అభిమానులకీ నచ్చలేదు. మూడు సినిమాలు కలిపి ఒక కథ అని చెప్పి, తీసేవాళ్లంతా కూర్చుని ఒక దారి అనుకోకపోతే ఇలాగే ఉంటుంది. ఈ విషయంలో మాత్రం కృష్ణాతీరం అన్న దారి మాటే నేనూ అంటున్నాను.

నిర్వాహకులు

కెల్లీ మేరీ ట్రాన్ గురించి ఇక్కడ పెట్టిన రెండు వ్యాఖ్యలు తొలగించాం. పాత్రల గురించి, కథ గురించి ఎంత గట్టిగానైనా రాయండి. నటుల రూపం, జాతి, వ్యక్తిగత జీవితం మీద రాసేవి ఉండనివ్వం.

పాత_రీలు

రీబూట్ అంటే హాలీవుడ్ తెచ్చిన జబ్బు అన్నట్టు మాట్లాడుతున్నారు కొందరు. మన సినిమా పుట్టిందే దానితో.

లవకుశ చూడండి. 1934లో సి. పుల్లయ్య గారు తీశారు. మళ్లీ ఆయనే మొదలుపెట్టి, కొడుకు సి.ఎస్. రావు గారు పూర్తిచేసి 1963లో రంగుల్లో వచ్చింది. ఎన్టీఆర్, అంజలీదేవి, ఘంటసాల సంగీతం. 2011లో బాపు గారు శ్రీరామరాజ్యం తీశారు, ముళ్లపూడి గారి చివరి రచన. అంటే ఒకే కథ మూడు తరాలకి మూడుసార్లు. మాయాబజార్ కూడా 1957 నాటిది మొదటిది కాదు, 1936లోనే శశిరేఖా పరిణయం కథతో ఒక మాయాబజార్ వచ్చింది. దేవదాసు 1953, మళ్లీ 1974.

లవకుశలో చివర ఏమవుతుందో హాల్లో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. సీతమ్మ భూమిలోకి వెళ్లిపోతుంది. పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా 1963లో బళ్లు కట్టుకుని వచ్చి ఏడ్చారు జనం. ఎందుకంటే అంజలీదేవి గారి సీత ఆ సినిమా అంతా ఓర్చుకుంటూ వచ్చింది. అడవిలో వదిలేసినప్పుడు ఓర్చుకుంది, పిల్లలు తండ్రి ఎవరని అడిగినప్పుడు ఓర్చుకుంది. చివర్లో మాత్రం ఇంక నిరూపించుకోను అని తల్లి ఒడిలోకి వెళ్లిపోతుంది. ఆ నిర్ణయం ఆమెది. కృష్ణాతీరం గారు అడిగిన కారణం ప్రతి రీలులో ఉంది. ఇవాళ్టి వాళ్లు స్పాయిలర్ అని భయపడుతున్నారు గానీ, సరిగ్గా నడిపిన కథకి ముగింపు తెలిసినా నష్టం లేదు.

మాయాబజార్‌కి 2010లో రంగులు అద్దినప్పుడు మాత్రం నేను వ్యతిరేకించాను, ఇప్పటికీ అంతే. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ వెలుగునీడలతో చేసిన పని అది. కొత్తగా తీయండి, నేను టికెట్ కొంటాను. తీసినదాన్ని ముట్టుకోకండి.

రెండో_ఆట

పాత_రీలు గారికి నమస్కారం. మీరు చెప్పింది రీమేక్, రీబూట్ గురించి. నాకు బాధ ఇప్పటి పార్ట్ 2 లీడ్‌ల గురించి.

సలార్ 2023 డిసెంబర్, కల్కి 2024 జూన్, దేవర 2024 సెప్టెంబర్. మూడూ పెద్ద సినిమాలు, మూడూ మధ్యలో ఆగిపోయాయి. మూడు గంటలు కూర్చోబెట్టి, అసలు సంగతి మొదలయ్యే చోట పేర్లు పడిపోతాయి. టికెట్ మొత్తానికి కొన్నాను, కథ సగమే ఇచ్చారు. కల్కి ప్రపంచం నాకు చాలా నచ్చింది, ఆ నచ్చడం వల్లే మరీ కోపం. ఒక పాత్రైనా మొదలుపెట్టిన చోటి నుంచి ఎక్కడికో ఒక చోటికి చేరాలి కదా. పుష్ప మొదటి భాగంలో ఆ తృప్తి ఉంది, కూలీ సిండికేట్‌ని శాసించేవాడయ్యాడు, ఒక అంకం ముగిసింది.

సీక్వెల్ ఎలా పుట్టాలో చూపించింది జీతూ జోసెఫ్. దృశ్యం మొదటి సినిమా (మలయాళం 2013, తెలుగు 2014) ఏ లీడూ లేకుండా పూర్తిగా ముగిసింది. శవం పోలీస్ స్టేషన్ నేల కింద ఉంది. అక్కడితో చాలు. 2021లో రెండో భాగం కొత్త విలన్‌ని తీసుకురాలేదు. ఆ శవమే, ఆ భయమే. నిద్రపట్టని కూతురు, ఊరివాళ్ల గుసగుసలు, కేసు మూయని పోలీసులు.

దీనికి పూర్తి వ్యతిరేకం మణిచిత్రతాళు వారసులు. 1993 మలయాళం సినిమా ప్రాణం ఏమిటి? దెయ్యం లేదు, మనసుకి వచ్చిన జబ్బు. చంద్రముఖి కూడా దాన్నే పట్టుకుంది. 2022లో హిందీ భూల్ భులయ్యా 2 వచ్చేసరికి నిజంగానే దెయ్యం వచ్చేసింది. డబ్బులు వచ్చాయి, ఒప్పుకుంటాను. కానీ మొదటి సినిమా ఏం చెప్పడానికి అంత కష్టపడిందో దాన్నే కొట్టేసి దాని పేరు వాడుకోవడం నాకు నచ్చదు.

కృష్ణాతీరం

మధ్యలో ఆపడం తప్పనలేం రెండో_ఆట గారూ. బాహుబలి కూడా మధ్యలోనే ఆగింది. 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశమంతా కట్టప్ప ఎందుకు చంపాడని అడిగింది. సమాధానం వచ్చాక ఎవరూ మోసపోయాం అనలేదు. ఎందుకంటే సమాధానం మొదటి భాగంలోనే పెట్టి ఉంచారు. అస్లాం ఖాన్ కట్టప్పకి స్వేచ్ఛ ఇప్పిస్తానంటే, మా పూర్వీకులు సింహాసనానికి మాటిచ్చారని వద్దంటాడు. ఆ సీన్ అప్పుడు గౌరవంగా అనిపిస్తుంది. రెండో భాగంలో శివగామి ఆజ్ఞాపించినప్పుడు అదే మాట ఉరితాడు అయింది. ఒక మనిషిలో మనం మెచ్చుకున్న గుణమే ఘోరానికి కారణమైంది.

నైజాం తమ్ముడు డెనేరిస్ గురించి చెప్పింది ఇదే. ఆమె న్యాయం చేయాలన్న పట్టుదలే ఊరిని కాల్చాలి. ఆ ఆలోచన గొప్పది. కట్టప్పకి ఆజ్ఞ ఇచ్చే ఆ ఒక్క సీన్ లాంటిది డెనేరిస్‌కి రాయలేదు. రాసి ఉంటే ఈ చర్చ ఇక్కడ ఉండేది కాదు.

నైజాం_టాకీస్

ఆ పోలికతో నాకు గొడవ లేదన్నా. అయినా ఆ ఎపిసోడ్‌ని నేను వదులుకోను. బూడిదలో ఆర్య నడుచుకుంటూ వెళ్లే ఆ పది నిమిషాలు యుద్ధం గురించి ఆ సీరీస్ మొత్తంలో చెప్పిన అతి పెద్ద నిజం.

మాట్నీషో

విమానం కూలి ద్వీపంలో చిక్కుకున్నవాళ్ల సీరీస్ లాస్ట్ గురించి ఎవరూ రాయలేదేంటి? 2010 మే 23న ముగిసింది. ఇప్పటికీ సగం మంది "వాళ్లందరూ మొదటి నుంచీ చచ్చిపోయే ఉన్నారట కదా" అంటారు. కాదు. కథానాయకుడు జాక్ తండ్రి చివరి సీన్‌లో స్పష్టంగా చెప్తాడు, ద్వీపంలో జరిగిందంతా నిజమే. ఈ అపార్థానికి ఒక కారణం పేర్లు పడేటప్పుడు తీరంలో విమాన శకలాల బొమ్మలు వేయడం. ఛానల్ వాళ్లు తర్వాతి వార్తల ముందు కాస్త ఊపిరి తీసుకోనివ్వాలని వేశారు, జనం అదే కథ అనుకున్నారు.

నేను ఆ ముగింపుని ప్రేమిస్తాను. రహస్యాలకి జవాబులు సరిగ్గా ఇవ్వలేదు, నిజమే. కానీ మనుషుల కథ ముగిసింది. 2007లోనే ఎన్ని ఎపిసోడ్లలో ముగించాలో ఛానల్‌తో తేల్చుకోబట్టి చివరి మూడు సీజన్లకి ఒక నడక వచ్చింది. దేనికోసం చూస్తున్నామన్నదాన్ని బట్టే ముగింపు నచ్చడం నచ్చకపోవడం ఉంటుంది.

ఎడిటింగ్_బల్ల

మాఫియా నాయకుడు టోనీ కథ సోప్రానోస్‌ని కూడా కలుపుకోండి. 2007 జూన్‌లో హోటల్లో కుటుంబం కూర్చుని ఉండగా తెర నల్లగా అయిపోయింది, శబ్దం కూడా ఆగిపోయింది. కేబుల్ పోయిందనుకున్నారు చాలామంది. అప్పట్లో తిట్టారు. ఎడిటింగ్ చేసేవాళ్లం మాత్రం ఆ కట్‌ని ఇప్పటికీ ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూస్తాం. గుమ్మం గంట మోగుతుంది, టోనీ తల ఎత్తుతాడు, ఆయన ఏం చూశాడో మనకి చూపిస్తారు. ఆ వరస సీన్ మొదటి నుంచీ నేర్పించి, చివరిసారి గంట మోగాక చూపించాల్సిన షాట్ తీసేశారు. అది తొందరలో కోసింది కాదు.

కొత్తగా_వచ్చా

నమస్తే అందరికీ. హాస్టల్లో ఉంటాను, గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఇంతవరకూ చూడలేదు. స్పాయిలర్లన్నీ చదివేశాను, ఫర్వాలేదు. ముగింపు ఇలా ఉంటుందని తెలిసి 73 ఎపిసోడ్లు మొదలుపెట్టాలా? పరీక్షల తర్వాత టైమ్ ఉంటుంది.

డల్లాస్_నుంచి

నాలుగో సీజన్ చివరిదాకా చూసి ఆపేయమ్మా. హాయిగా ఉంటావు.

పుస్తకాల_పురుగు

ఆపకమ్మా. ఐదో సీజన్లో హార్డ్‌హోమ్ ఎపిసోడ్ ఉంది, ఆరో సీజన్ చివరి రెండు ఎపిసోడ్లు ఉన్నాయి. సంగీత దర్శకుడు రమీన్ జవాదీ పియానోతో మొదలయ్యే ఆ చివరి ఎపిసోడ్ చూడకుండా ఆపేయమని నేను చెప్పలేను.

కృష్ణాతీరం

మొత్తం చూడు తల్లీ. ముగింపు మీద ఇంత కోపం ఉన్న నేనే చెప్తున్నాను. ఏడో సీజన్ మొదలయ్యాక రోజుకి ఒక్క ఎపిసోడ్ చొప్పున చూడు, వరసగా చూస్తే తొందర ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. ఎనిమిదో సీజన్ మూడో ఎపిసోడ్ రాత్రి, గదిలో లైట్లన్నీ ఆర్పేసి చూడు. డెనేరిస్ సంగతి మాకు తెలిసింది గంటలు మోగాక, నీకు ముందే తెలుసు కాబట్టి మేం గమనించనివి నువ్వు గమనిస్తావు. మొదటి సీజన్ నుంచీ ఆమె మొహం చూస్తూ ఉండు, నైజాం తమ్ముడు చెప్పిన గుర్తులు నీకు సరిపోయాయో లేదో వచ్చి ఇక్కడే రాయి.

మూడో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ గురించి ఈ చర్చలో ఎవరూ రాయలేదు, అదృష్టం. దాని గురించి ఎక్కడా చదవకు, ఎవరినీ అడగకు.